ఒక్క స్టేషను వరకే

ముందే ఒప్పేసుకుంటాను, తప్పంతా నాదే. వెన్నుకి ఆపరేషనై వారం కూడా సరిగ్గా తిరగని భార్య బెర్తు మీద ఒక పరాయి మనిషిని పిలిచి మరీ కూర్చోబెట్టినవాణ్ణి నేనే. ఆయన కూర్చుంటానని అడగలేదు. మా సీటు ముందు నిలబడి కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూసుకుంటున్నాడంతే. నేనే కంగారుపడిపోయి, "అయ్యో, నిలబడ్డారేంటండీ, కూర్చోండి," అన్నాను. "ఒక్క స్టేషను వరకే లెండి," అంటూ ఆయన కూర్చున్నాడు. ఏ స్టేషనో నేను అడగలేదు. అడిగితే ఏం బావుంటుంది?

నా తప్పులో మా ఊరికి కూడా కొంత వాటా ఉంది. నర్సీపట్నానికి రైలు లేదు. మా ఊరి పేరు పెట్టుకున్న స్టేషను ఒకటుంది గానీ అది ఊరికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దాని పేరు నర్సీపట్నం రోడ్డు. ఇక్కడ దిగినవాడికి ఇక రోడ్డే గతి అని పేరులోనే నిజాయితీగా చెప్పేశారు. రైలున్న ఊళ్ళవాళ్ళు రైలెక్కితే సొంతింట్లో ఉన్నట్టు కాళ్ళు చాపుకుంటారు. మేం చుట్టాలింటికి వెళ్ళినట్టు ఎక్కుతాం. చెప్పులు సీటు కింద వరసగా పెట్టుకుంటాం, చేతులు ఒళ్ళో పెట్టుకుంటాం, ఎవరైనా ఎదురుగా నిలబడితే ఆ ఇంటి యజమానే నిలబడ్డాడేమోనని లేచిపోతాం. టిక్కెట్టు కొనుక్కున్నది మేమేనన్న సంగతి దిగాక గుర్తొస్తుంది.

సంగతి ఏమిటంటే, మా ఆవిడకి నడుంలో డిస్కు జారింది. ఎడమ పాదం లేవక, చెప్పు నేల మీద ఈడ్చుకుంటూ రెండు నెలలు నడిచింది. విజయవాడలో మా బావమరిది చూసిపెట్టిన ఆసుపత్రిలో కోత పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. అంతదూరం కారులో వద్దు, కుదుపులు పడవు, రైల్లో పడుకోబెట్టి తీసుకెళ్ళండి. ఇరవై నిమిషాలకి మించి కూర్చోనివ్వకండి. దారిలో ఎడమ బొటనవేలు కదుపుతోందో లేదో చూస్తూ ఉండండి. గిల్లితే తెలియకపోయిందంటే నరం మీద మళ్ళీ ఒత్తిడి పడుతున్నట్టు. అశ్రద్ధ చేస్తే ఆ పాదం ఇక లేవకపోవచ్చు.

అంటే ఆ నాలుగున్నర గంటల ప్రయాణంలో నేను చూసుకోవలసింది ఒక్క బొటనవేలు. అదైనా సరిగ్గా చూసుకోలేకపోయాను.

పగటి బండికి టిక్కెట్లు తీయడం నా తెలివే. పగలైతే మనుషులు మెలకువగా ఉంటారు, ఏదైనా అయితే సాయానికొస్తారు అనుకున్నాను. మెలకువగా ఉన్న మనుషులకి కూర్చోడానికి చోటు కావాలన్న ముక్క తట్టలేదు. ఆవిడకి కింద బెర్తు, నాకు దాని పైన మధ్య బెర్తు. టిక్కెట్టు కన్ఫర్మయింది. నేనే కాలేదు.

స్టేషనులో రైలెక్కించే ముందు మా ఆవిడ నాచేత తన చేతిలో చెయ్యి వేయించుకుంది.

"ఆపరేసన్ అని ఎవులికీ సెప్పకండి. అడిగితే నడుం పట్టీసిందనండి."

"చెబితే ఏమవుతుంది?"

"మనవైపోళ్ళు ఒక్కరున్నా సాలు, మనకంటే ముందు కబురు ఊరెళ్ళిపోద్ది. మనం ఎళ్ళేసరికి వీధి వీధంతా బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని గుమ్మంలో ఉంటాది. వొచ్చినోళ్ళు కుర్సీలో కూసోరు, మంచం మీదే కూసుంటారు."

ఆవిడ భయం అబద్ధం కాదు. మావైపు రోగిని చూడ్డానికి వెళ్ళడం ఒక ధర్మం. వెళ్ళినవాళ్ళు రోగి మంచం మీదే, రోగి కాళ్ళు కాస్త జరిపి, కూర్చోవడం అంతకంటే పెద్ద ధర్మం. దూరంగా కూర్చుంటే మనసులో ఏదో పెట్టుకున్నారంటారు. అందుకని నడుం బెల్టు కనపడకుండా పమిట నిండుగా కప్పుకుంది. ఆ పమిట చాటున ఆపరేషను కూడా దాక్కుంది.

బండి దక్షిణాన ఎక్కడో బయల్దేరి బెంగాలు వైపు వెళ్ళేది. పెట్టెలో నడవా అంతా నేల మీద మనుషులే. పనులకి వెళ్ళి ఇళ్ళకి తిరిగి వెళుతున్నవాళ్ళు. సంచులు, బకెట్లు, చుట్టిన దుప్పట్లు, వాటి మధ్యలో నిద్రపోతున్న పిల్లలు. మా సీటు కింద నేల మీద ఒక ఒడియా ఆవిడ ఏడాది పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటులో, నడవాకి అవతల, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక రైతు ఉన్నాడు. మా పై బెర్తులో ఎవరో ముసుగుతన్ని పడుకున్నారు, మేం దిగేదాకా వారి పాదాలు తప్ప ఏమీ చూడలేదు.

మా ఆవిడని పడుకోబెట్టి పది నిమిషాలైందో లేదో ఆ పెద్దమనిషి వచ్చాడు. అరవై దగ్గర వయసు, మడత నలగని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. ఏదో ఆఫీసులో చాలామందిని నిలబెట్టి మాట్లాడి రిటైరైన వాలకం. నేను పిలవడం, ఆయన కూర్చోవడం, మా ఆవిడ కాళ్ళు ముడుచుకోవడం ఒక్క క్షణంలో అయిపోయాయి. ఆయన కూర్చున్నాక మిగతావాళ్ళకి ధైర్యమొచ్చింది. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు "కొంచెం సర్దుకోండి" అన్నారు. సర్దుకున్నాం. బండి కదిలేసరికి మా ఆవిడ లేచి కూర్చుంది. నేను నిలబడ్డాను. పెద్దమనిషి మాత్రం కిటికీ పక్కకి జరిగాడు.

ఒక్క స్టేషనే కదా, ఏలూరు దాకా ఓపిక పట్టమన్నట్టు మా ఆవిడ వంక చూశాను. ఆవిడ గోడ గడియారం వంక చూసినట్టు నా మొహం వంక చూసింది. ఇరవై నిమిషాలయ్యాక లేచి, పై బెర్తు గొలుసు పట్టుకుని నిలబడింది. కాసేపటికి మళ్ళీ కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా పెదవి బిగించేది.

"నిలబడటం మంచిదమ్మా, రక్తప్రసరణ బావుంటుంది," అన్నాడు పెద్దమనిషి.

"నడుం పట్టేసిందండీ," అన్నాను.

"ఉలవలు వాడండి. మా ఇంట్లో అదే."

ఏలూరు వచ్చింది. ఆయన కిటికీలోంచి టీ కొనుక్కున్నాడు. తాడేపల్లిగూడెం వచ్చింది. ఫోను తీసి ఎవరితోనో, "ఆఁ, వెయిటింగ్ లిస్టే, అయినా సీటు దొరికిందిలే, మంచివాళ్ళు. వైజాగ్ దాకా ఇబ్బంది లేదు," అన్నాడు. ఆ మంచివాళ్ళు మేమే అని అర్థమవడానికి నాకు కొంచెం టైము పట్టింది. వెయిటింగ్ లిస్టు ఆయనది, వెయిటింగ్ మాది.

నేను బడిపంతుల్ని. కళ్ళెర్రజేస్తే క్లాసులో నలభైమంది కూర్చుంటారు. కానీ కూర్చున్నవాళ్ళని లేపడం మా వృత్తిలో లేదు. మనసులో వాక్యం కూర్చుకున్నాను. "ఏవండీ, ఏమీ అనుకోకపోతే, మా ఆవిడ కాసేపు నడుం వాలుస్తుంది, మీరు దయచేసి..." పొడవైపోయింది, తగ్గించాను. "ఏవండీ, కాస్త లేస్తారా." ఇది మరీ మొరటుగా ఉంది, మళ్ళీ పెంచాను. ఈ దిద్దుబాట్లలో నిడదవోలు దాటిపోయింది. చివరికి గొంతు సవరించుకుని, వంగి, "ఏవండీ," అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. ఆ చూపు చూడగానే నాకు ఇన్‌స్పెక్షను రోజులు గుర్తొచ్చాయి.

"కాఫీ తాగుతారా?" అన్నాను.

తాగాడు. మా ఆవిడ అటు తిరిగి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

రాజమండ్రిలో ఇంకో పాతికమంది ఎక్కారు. అంతకుముందు గోదావరి వంతెన మీదికి బండి ఎక్కిన దగ్గర్నుంచీ ఆ దడదడ సీటులోంచి ఆవిడ నడుంలోకి పోతున్నట్టు నాకే తెలుస్తోంది. నిలబడదామంటే ఇప్పుడు నిలబడే చోటు కూడా లేదు. నేను ఆవిడ మోకాళ్ళ ముందు వంగి, ఎడమ కాలి చెప్పు తీసి వేలు చూశాను. కదిపింది. నెమ్మదిగా, బద్ధకపు పిల్లాడు చెయ్యెత్తినట్టు.

ఈసారి ధైర్యం చేసి అడిగాను. "ఏవండీ, ఆవిడ కాసేపు పడుకుంటే బావుంటుందేమో. అది ఆవిడ బెర్తే."

"అయ్యో, దానికేం," అని ఆయన కదలకుండానే అన్నాడు. "కానీ మాస్టారూ, పగటిపూట లోయర్ బెర్తు కూర్చోడానికేనండీ. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకానే పడుకునే హక్కు. రూలు అది."

సీటు లేని మనిషి సీటున్న మనిషికి రూలు చెప్పాడు. విచిత్రమేమంటే రూలు నిజమే. నేను "అవునవును" అన్నాను. నిజాన్ని కాదనడం పంతులికి మంచిది కాదు కదా.

పక్క సీటులో తువ్వాలాయన ఇదంతా ఎప్పట్నుంచి గమనిస్తున్నాడో, నావైపు వంగాడు.

"మాస్టారూ, సీటు యిచ్చింది ఆయనకే. కాఫీ యిచ్చింది ఆయనకే. ఆ సంచీలో మాత్తరలున్నాయి గావాల, అయ్యి కూడా ఆయనకే యేసీయండి, ఓ పనైపోద్ది."

నేను వెర్రినవ్వు నవ్వాను.

"మీది మనవైపేనేటి? మాటలో తెలిసిపోనాది. మాది కోటవురట్ల అవతల. నానూ రోడ్డులోనే దిగుతాను. అమ్మగారికి ఏటైంది?"

మా ఆవిడ నా చొక్కా అంచు లాగింది. చెయ్యి వేయించుకున్న ప్రమాణం ఆ లాగడంలో ఉంది.

"నడుం పట్టేసింది," అన్నాను.

సామర్లకోట దాటాక మా ఆవిడ మాట్లాడటం మానేసింది. నుదుటి మీద చెమట పట్టింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. నేను మళ్ళీ కిందికి వంగాను. ఆ మనుషుల కాళ్ళ మధ్య, సంచుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ పాదం చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది.

"వేలు కదుపు."

"కదుపుతున్నానుగా."

వేలు కదలడం లేదు. నేను గిల్లాను. కొంచెం గట్టిగా గిల్లాను.

"తెలుస్తోందా?"

"ఏది?" అంది.

 మళ్ళీ గిల్లాను. గోరు దిగేలా గిల్లాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ, ఇంకా నేను ఎప్పుడు గిల్లుతానా అని ఎదురుచూస్తోంది. దగ్గర్లో పెద్ద స్టేషను లేదు, డాక్టరు మూడు గంటల వెనకున్నాడు. ఆవిడని ఇలా కూర్చోబెట్టింది ఎవరో కాదు. "అయ్యో, నిలబడ్డారేంటండీ" అన్న నోరే.

లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో కూర్చుకోలేదు. నా నోట క్లాసు గొంతు వచ్చింది.

"అందరూ ఒక్కసారి వినండి. ఈవిడ నా భార్య. వారం కిందట వెన్నెముకకి ఆపరేషనైంది. కూర్చోకూడదు. ఇప్పుడు కాలు తెలియడం లేదు. పడుకోబెట్టాలి."

 ఇద్దరు కుర్రాళ్ళూ నేను వాక్యం ముగించక ముందే లేచారు. ఎదురు బెర్తు మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకి ఎత్తేశారు. నడవాలో నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు వాలి జరిగారు. వాళ్ళలో సగంమందికి తెలుగు రాదు. ఒకడు ఇంకొకడికి ఏదో భాషలో చెబితే, వాడు ఇంకో భాషలో పక్కవాడికి చెప్పాడు. ఆపరేషను అన్న మాట మాత్రం అన్ని భాషల్లోనూ అలాగే వెళ్ళింది.

"ఆపరేసనా," అన్నాడు తువ్వాలాయన. మొహం మారిపోయింది. "ఇంతసేపూ గమ్మునున్నారేటి బావూ? సెప్పడానికి నోరు లేదేటి? ఎకసెక్కాలాడీసేను నాను."

"ముందే చెప్పి ఉంటే నేనే లేచేవాణ్ణి కదండీ," అన్నాడు పెద్దమనిషి. అన్నాడు గానీ, లేవలేదు. కిటికీ మూలకి ఇంకో నాలుగంగుళాలు జరిగి, బూట్లు విప్పి, కాళ్ళు పైకి పెట్టుకుని, "ఇప్పుడు ఆవిడకి ఇబ్బంది ఉండదు," అన్నాడు. ఆ అరలో నడుం పనిచేయనిది మా ఆవిడకి ఒక్కదానికే అనుకున్నాను ఇంతసేపూ.

వాదించే టైము లేదు. మా ఆవిడని నడవా వైపు తల పెట్టి పడుకోబెట్టాను. కాళ్ళు పూర్తిగా చాపితే ఆయనకి తగులుతాయి. పరాయి మనిషికి కాలు తగలకూడదని ఆవిడ ఆ స్థితిలోనూ ముడుచుకుంటోంది. అప్పుడు నేల మీదున్న ఒడియా ఆవిడ లేచింది. పాపని ఎదుటి సీటులో ఎవరి చేతికో అందించింది. తన దుప్పటిని గట్టిగా చుట్ట చుట్టి, మా ఆవిడ మోకాళ్ళ కింద పెట్టింది. నడుం కుదురుకున్నట్టు ఆవిడ మొహంలో ఒక బిగువు సడలింది.

"ఇటుకబట్టీలో మాకు రోజూ నడుమే, అమ్మా," అంది ఒడియా ఆవిడ, బట్టీల్లో పనిచేస్తూ నేర్చుకున్న తెలుగులో. "ఇట్టా పెడితే బాగుంటది." తరవాత నేల మీద కూర్చుని, పాదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలెట్టింది. ఆ చేతులు ఎంత గరుకుగా ఉన్నాయంటే చప్పుడు వినిపించేది.

"నువ్వు ఎక్కడిదాకా వెళ్ళాలమ్మా?" అన్నాను.

"బరంపురం."

ఇంకా ఏడెనిమిది గంటలు. నేల మీద, పాపతో.

అన్నవరం దాటుతుంటే తువ్వాలాయన లేచి, తువ్వాలు తీసి నడుముకి కట్టుకుని, కొండ వైపు తిరిగి దండం పెట్టాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఏదో గొణిగాడు. కూర్చున్నాక, "అమ్మగారి కాలు గురించి సెప్పీసేను," అన్నాడు నాతో, పక్కింటాయనకి పని అప్పగించి వచ్చినట్టు.

నేను ప్రతి రెండు నిమిషాలకీ గిల్లుతూనే ఉన్నాను. తెలుస్తోందా. లేదు. తెలుస్తోందా. లేదండీ. తుని సిగ్నలు దగ్గర బండి నెమ్మదించినప్పుడు మా ఆవిడ ఒక్కసారి కళ్ళు తెరిచింది.

"ఏటండీ, సూదులెట్టి గుచ్చుతున్నారా?"

నేను అప్పుడు గిల్లడం లేదు. నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి. ఒడియా ఆవిడ నన్ను చూసి నవ్వి, రుద్దడం ఆపకుండా తలూపింది. బొటనవేలు కదిలింది. చాలా కొంచెం. కానీ కదిలింది.

ఊపిరి పీల్చుకునే లోపలే తువ్వాలాయన నా భుజం తట్టాడు. "మాస్టారూ, తుని ఎళ్ళిపోనాది. ఇంక పావుగంటలో మన రోడ్డు. బండి ఆగేది రెండే నిమిసాలు. తలుపు దాకా ఎలా ఎళ్తారో సూసుకున్నారా?"

చూశాను. మా అర నుంచి తలుపు దాకా నడవాలో నేల కనపడటం లేదు. నేను ఒక్కణ్ణీ అయితే సంచుల మీంచి దాటుకుంటూ పోతాను. ఆవిడ కాలు ఎత్తి దాటకూడదు, వంగకూడదు, ఎవరైనా తోస్తే కింద పడకూడదు. ఇప్పుడిప్పుడే తెలుస్తున్న పాదం ఎవరి సంచికైనా తట్టుకుంటే అంతే సంగతులు. దిగలేకపోతే బండి అనకాపల్లి దాకా ఆగదు. అక్కడ దిగినా, మా తమ్ముడు వ్యానులో పరుపు వేసుకుని ఎదురుచూస్తున్నది నర్సీపట్నం రోడ్డులో.

"గొలుసు లాగుదామా?" అన్నాను.

"మీరు లాగలేరు. సారీ సెప్పి ఒగ్గీస్తారు," అన్నాడు తువ్వాలాయన. "ముందర ఒక పెద్ద గొంతు మనిసి నడవాల. నాను అరిస్తే తగువనుకుంటారు. మీరరిస్తే ఎవులికీ ఇనబడదు." ఆయన చూపు కిటికీ మూలకి వెళ్ళింది. నా చూపూ వెళ్ళింది.

పెద్దమనిషి కిటికీలోంచి జీడిమామిడి తోటలు చూస్తున్నాడు.

ఈసారి వాక్యం కూర్చుకోనక్కర్లేకపోయింది. నా జీవితంలో పై అధికారులతో ఎన్నోసార్లు మాట్లాడిన వాక్యమే. "సార్, ఈ పెట్టెలో ఇంతమందికి ఒక మాట చెబితే వినేలా ఉన్నది మీరొక్కరే. మీరు ముందు నడిస్తే దారి దానంతటదే వస్తుంది."

ఆయన నావైపు తిరిగాడు. బూట్లు తొడుక్కుని, జేబులో పెన్నులు సర్దుకున్నాడు. "పదండి," అని లేచాడు. నాలుగు గంటల్లో ఆయన ఆ సీటు మీంచి లేవడం అదే మొదలు.

అన్యాయంగా చెప్పకూడదు, ఆయన గొంతు అద్భుతంగా పనిచేసింది. "పేషెంటు వస్తోంది, లేవండి, సంచి తీయండి, బాబూ ఆ కాలు, భాయ్ హటో, పేషెంట్ హై." ఆ తెల్లచొక్కాని చూసి రైల్వే మనిషే అనుకున్నారో ఏమో, నేల మీద వాళ్ళు లేచారు. లేచినవాళ్ళకి నిలబడే చోటు లేక సీట్ల మీదకెక్కారు. సీట్ల మీది వాళ్ళు పై బెర్తులకి పాకారు. సంచులు తలల మీదికి లేచాయి. ఒక బకెట్టు చేతులు మారుతూ గాల్లో ఎక్కడికో వెళ్ళిపోయింది. ఇంతసేపూ మనుషులున్న చోట ఒక సన్నటి దారి, ఇంటి పెరట్లో కాలిబాట లాగా, తేలింది.

డాక్టరు నేర్పినట్టు మా ఆవిడని పక్కకి దొర్లించి, కాళ్ళు దించి, లేపాం. తువ్వాలాయన వెనకనుంచి బెల్టు పట్టుకున్నాడు. ఆవిడ మొదటి అడుగు వేసింది. అప్పుడు అటూ ఇటూ చేతులు చాపారు. ఎవరూ చెప్పలేదు. ఒక చెయ్యి ఆవిడ మోచేతిని అందుకుని, పక్క చేతికి అప్పగించింది. అది ఇంకో చేతికిచ్చింది. బండి ఊగుతున్నా ఆవిడ ఊగలేదు. పేర్లు తెలియని, భాష తెలియని చేతులు ఆవిడని గాజుబొమ్మలా ఒకరికొకరు ఇచ్చుకుంటూ తలుపు దాకా తీసుకెళ్ళాయి.

నేను సంచి తీసుకోడానికి ఒక్క క్షణం వెనక ఉండిపోయాను. కిటికీ సీటు ఖాళీగా ఉంది. ఒడియా ఆవిడ దుప్పటి మడత పెడుతూ, మళ్ళీ నేల మీద తన చోటు కోసం చూస్తోంది. నేను ఎదుటి సీటు నుంచి పాపని అందుకుని ఆవిడ చేతికిచ్చి, కిటికీ పక్క చూపించాను.

"ఇక్కడ కూర్చో అమ్మా. కాళ్ళు చాపుకుని కూర్చో."

"ఆ సార్?"

"ఆయన ఇచ్చాడు," అన్నాను.

బండి ఆగింది. తలుపు దగ్గర కిందినుంచి ఎక్కాలని తోసుకొస్తున్నవాళ్ళని పెద్దమనిషి ముందుగా దిగి, చేతులు చాపి ఆపేశాడు. "పేషెంటు దిగాలి, ముందు దిగనివ్వండి." మెట్టుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య చాలా ఎత్తుంది. ఆవిడ కుడికాలు దించింది. తరవాత ఎడమకాలు. నేను ఆ పాదం తప్ప ఇంకేమీ చూడలేదు. అది మెట్టు అంచుకి తగల్లేదు. మడమా వేళ్ళూ ఒకదాని తరవాత ఒకటి నేలకానాయి. నిలబడింది. మా తమ్ముడు పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. నేను సంచితో దిగాను, వెనకే తువ్వాలాయన దిగాడు. కూత పడింది.

పెద్దమనిషి చటుక్కున మెట్టెక్కి తలుపులో నిలబడ్డాడు. చొక్కా చెమటకి తడిసింది, మొదటిసారి మడత నలిగింది. ఏదో సాధించినవాడిలా మొహం వెలుగుతోంది. ఆయన వెనక, పక్కన, భుజాల మీంచి పదిహేను ఇరవై తలలు మావైపే చూస్తున్నాయి. నేను రెండు చేతులూ జోడించాను. క్లాసు గొంతు ఆ రోజు రెండోసారి వచ్చింది.

"సార్, దారి ఇప్పించారు, దేవుడిలా దింపారు. అది చాలదన్నట్టు మీ కిటికీ సీటు కూడా ఆ పసిపిల్ల తల్లికి బరంపురం దాకా ఇచ్చేశారు. ఈ రోజుల్లో ఎవరు ఇస్తారండీ?"

తను చేసిన దానం సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. లోపలికి తిరిగి చూశాడు. ఆయన వెనకున్న ఒక ముసలాయన, "మంచి పని చేశారు బాబూ," అని ఆయన వీపు తట్టాడు. ఇంకెవరో తలూపారు. ఆయన మళ్ళీ నావైపు తిరిగాడు. బండి కదిలింది. అంతమంది చూస్తుండగా ఇంకేం చేస్తాడు, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని, నిలబడే నాకు నమస్కారం పెట్టాడు.